చేసినవాని పేరు

వస్తువును గొన్నవాఁడు దానిపై నున్న పేరును జదువును. అమ్మినవాఁడు ఆ పేరునకు వెల కట్టును. దానిని జేసినవాఁ డెవఁడని యడుగువారు మాత్రము మిక్కిలి యరుదు. అడిగినవారికిని సమాధానము సులభముగా దొరకదు. దొరకనప్పుడు మనము చేయవలసిన దేమి? ఊహించి యొక పేరు చెప్పుట మేలా? తెలియదని యొప్పుకొనుట మేలా? ఇది యల్పవిషయముగాఁ దోఁపవచ్చును. నాకును నిటీవలిదాఁక నట్లే తోఁచెను. కాని యొక పాత గ్రామఫోను పెట్టె యీ ప్రశ్నకు నేను సంతకముతో సమాధానము చెప్పవలసిన దినమును దెచ్చిపెట్టినది.

ఆ పెట్టె మా మేనత్తది. ఆమె పుట్టకముందే మా తాతగారు దానిని గొనిరి. విద్యుచ్ఛక్తితోఁ బనిలేక, ప్రక్కనున్న పిడిని ద్రిప్పి కీ యిచ్చినచోఁ దిరుగు రకము. మా వారందఱును దానిని ‘కుక్కబొమ్మ పెట్టె’ యనుట వాడుక. నిజమునకు దానిపైఁ గుక్కబొమ్మ యెన్నఁడును లేదు; మూఁతలోపల నొక యమ్మకపుదుకాణము పేరు గల చిన్న రేకు మాత్రము కలదు. ఇందు మావారి తప్పు గొప్పది కాదు. గ్రామఫోను కంపెనీ మనుష్యులు 1902లోఁ గలకత్తాకు వచ్చి పాటలు పట్టిరి. 1908లో నా నగరపు సియాల్‌దా ప్రాంతమున రికార్డుల కర్మాగారము వెలసినది. 1928లో నది డమ్‌డమ్‌నకు మాఱినది. వారి కుక్కబొమ్మ మన దేశమున నెంత వ్యాపించిన దనఁగా, పాడు పెట్టె యేదైనను గుక్కబొమ్మ పెట్టెయే యయ్యెను.

మా మేనత్తకు నెనుబది యాఱేండ్లు. ఆమె యింటఁ బనిచేయుచు నామెను గన్నతల్లివలెఁ జూచుకొను నొక స్త్రీ కలదు. ఆ స్త్రీ కూఁతురికి నర్సు చదువులోఁ జోటు దొరకినది. ఆ పిల్ల మొదటి యేటి రుసుము కట్టుటకై మా మేనత్త పెట్టె నమ్మఁదలఁచెను. పాత సామానులు కొను వర్తకుఁ డొకఁడు వచ్చి చూచి యొక ధర చెప్పెను. అది రుసుములో మూఁడవవంతు. పిమ్మట, “ఇది కుక్కబొమ్మ కంపెనీవారు చేసినదే యని మీ యింటఁ జదువుకొన్నవా రొకరు వ్రాసి సంతకము చేసినచో మూఁడురెట్లిత్తును. బొమ్మ లేదని చింత వలదు, అది నా యొద్దఁ గలదు” అని సంచిలోనుండి మెఱయుచున్న రేకుబిళ్ల నొకదానిని దీసి చూపెను. చదువుకొన్నవాఁడను నేను. సంతకము నాది.

వ్రాయుటకుఁ బూర్వము చూడవలె ననుకొంటిని. ఇట్టి యంత్రమును గీ యిచ్చియుండఁగా విప్పరాదు. బిగిసియున్న యుక్కుపట్టీ యొక్కసారిగా విడివడినచో వ్రేళ్లు తెగును. కావున దాని బలము పూర్తిగా నుడుగువఱకుఁ దిరుగనిచ్చి, గుడ్డ యంటించిన పళ్లెమును బైకెత్తి, పలక మరలను విప్పి, దానిని దలక్రిందుగాఁ బట్టి చూచితిని. డబ్బీలోఁ జుట్టుకొనియున్న యుక్కుపట్టీ తన బలమును బండ్లచక్రముల ద్వారమున నిలువుకడ్డీకిఁ జేర్చును. ఆ కడ్డీపైఁ బళ్లెము తిరుగును. వేగము నదుపున నుంచుటకు గవర్నరు కలదు. దానికి మూఁడు చిన్న గుండ్లు పలుచని యుక్కుబద్దలకు బిగింపఁబడి యుండును. వేగము హెచ్చినకొలఁది గుండ్లు వెలుపలికి జరుగును. బద్దలు వంగి యొక బిళ్లను లాగును. ఆ బిళ్ల మెత్తని ముక్క నొరసికొని వేగము తగ్గును. ఇట్లు నిమిషమునకు సుమారు 78 చుట్లు నిలుచును. మనుష్యుఁడు తన యావేశమునకుఁ దానే కట్టుబాటు కల్పించుకొనవలెనని పెద్దలు చెప్పుదురు గదా. ఈ గుండ్లు దానినే చేయుచున్నవి.

ఇనుపచట్టముపై నొక సంఖ్య గుద్దఁబడియున్నది. దానిక్రింద ‘స్విట్జర్లాండులోఁ జేయఁబడినది’ అను నర్థము గల యింగ్లీషు మాటలు. చేసినవాని పేరు లేదు.

ఏల లేదు? దీనికిఁ గారణము గ్రామఫోను చరిత్రలోనే కలదు. ఈ యంత్రమునకు 1887లో హక్కుపత్రము కోరిన ఎమిల్ బెర్లినర్ మొదటఁ జేతితోఁ ద్రిప్పు యంత్రములనే చేయించెను. చేయి తడఁబడినచోఁ బాటయుఁ దడఁబడెడిది. అమెరికాలోని కామ్డెన్ పట్టణమునఁ జిన్న కర్మశాల గల ఎల్‌డ్రిడ్జ్ జాన్సన్ 1896లో నీ కొఱఁతను దీర్చు స్ప్రింగు మోటారును జేసి యిచ్చెను. యంత్రము మాత్రము బెర్లినర్ పేరుననే యమ్ముడువోయెను. జాన్సన్ 1901లో విక్టరు కంపెనీని స్థాపించి తన పేరు నిలుపుకొనెను గాని, అట్టి యదృష్టము మోటారులు చేసిన వారందఱికిని బట్టలేదు.

తరువాతఁ బెట్టెలు చేయువారు వేఱు, మోటారులు చేయువారు వేఱు అయిరి. స్విట్జర్లాండున జురా కొండలలో సెంట్‌క్రువా యను నూరు కలదు. అచటివారు తరతరములుగా సంగీతపుఁ బెట్టెలు చేయువారు. పాడు యంత్రము వచ్చి యా పెట్టెల గిరాకిని జెఱుపఁగా, స్ప్రింగులు చుట్టుటలోను బండ్లచక్రములు కోయుటలోను దమకుఁ గల నేర్పునే వారు గ్రామఫోను మోటారులకు మరల్చిరి. తమ వృత్తిని జెఱిచినదానికే ప్రాణము పోయుట నేర్చిరి. పాయార్డువారును, 1883లో వ్యాపార మారంభించిన తోరెన్సువారును ఆ యూరివారే. ఇంగ్లండున రాజాభరణముల వర్తకులైన గారర్డువారు 1915లో ఫిరంగులకు దూరము గొలుచు పరికరములు చేయుట కొక సంస్థను నెలకొల్పిరి. యుద్ధము ముగిసిన పిదప నది స్విండన్ పట్టణమున గ్రామఫోను మోటారులు చేయసాగెను. జర్మనీలో నల్ల యడవి ప్రాంతమున స్టయిడింగర్ సోదరులు 1907లో మొదలిడిన కర్మశాల, 1927లో స్ప్రింగుతోను విద్యుత్తుతోను నడచు మోటారును జేసి, దానినిబట్టి ‘డ్యుయల్’ అను పేరు గాంచెను. అమెరికాలోఁ జేపలుపట్టు గాలపుఁ జక్రములు చేసిన మైసెల్‌బాక్ కర్మశాలయు మోటారులు చేసినది. ఓటో హైన్‌మన్ మొదట మోటారులమ్మి, 1918లో ‘ఓకే’ యను పేర రికార్డులు వెలువరించెను.

వీరి మోటారులను బెట్టెల వ్యాపారులు కొని తమ పెట్టెలలో బిగించుకొనెడివారు. మోటారుపై వేఱొకని పేరున్న నది వారి గౌరవమునకుఁ గొఱఁతగాఁ దోఁచును గదా! కావునఁ బెక్కింటిపై సంఖ్యయే గాని పేరుండదు. ఒకే కర్మశాల మోటారు పది పేర్ల పెట్టెలలోఁ బాడినది. 1887 నాఁటి యింగ్లండు చట్టము, పరదేశపు సరకు ఇంగ్లండు సరకని భ్రమ గొలుపు గుఱుతు ధరించినచో నది పుట్టిన దేశమును దెలుపవలెనని విధించెను. చట్టము దేశము నడిగినది, కర్త నడుగలేదు.

ఈ విద్య నెఱిఁగినవారు పేరు లేని మోటారు నెట్లు గుఱుతింతురు? గవర్నరు అడ్డముగా నున్నదా, నిలువుగా నున్నదా. డబ్బీలెన్ని, అవి యెట్లమర్పఁబడినవి. కీ పిడి మరవలె నెక్కునా, గాడిలోఁ జొచ్చునా. వేగము మార్చు మీట యెక్కడ. చట్టము పోఁతపోసినదా, రేకుతో నొత్తినదా — వీనినెల్ల జూచి, పేరున్న మోటారులతోడను, ఆనాఁటి యమ్మకపుఁ బట్టికలలోని బొమ్మలతోడను బోల్తురు. ఈ సాక్ష్యము లన్నియు సమానములు కావు. చట్టముపైఁ గుద్దిన పేరు మొదటిది. పట్టికలోని బొమ్మ దాని తరువాతిది. పోలిక మూఁడవది, ఒకరి పనిని మఱియొకరు చూచి చేయుట కర్మశాలలలో సామాన్యము గావున దానిని మితముగా నమ్మవలెను. ‘మా యింట నట్లనుకొందురు’ అనునది కడపటిది. నా యొద్ద నున్న దేమి? దేశము మొదటి తరగతి సాక్ష్యముతోఁ దెలిసినది. ఊరు సెంట్‌క్రువా యని పోలికచేఁ దోఁచుచున్నది. కర్మశాల యేదో తెలియలేదు. కుక్కబొమ్మ మాట కడపటి తరగతిది. అదియు రేకును మోటారును రెండును గాదనుచున్నవి.

పేరు లేనిచోఁ బేరు తగిలించుట మనకుఁ గ్రొత్త గాదు. వేమన మకుటముతో నున్న పద్యము లన్నియు నొక్కని నోటివి కావని పండితు లెఱుఁగుదురు. ఊరూరి యెకసక్కెపుఁ బద్యమును శ్రీనాథునిదే యందుము. పద్యము చెప్పినవాఁడు తానే గొప్పవాని మకుటమును దగిలించి యుండవచ్చును. అందు భక్తియు నుండవచ్చును. అయినను ఫలమొక్కటే. ఎక్కడనో యొక పల్లెలో నొక మంచి పద్యము చెప్పినవాఁడు శాశ్వతముగా మాసిపోయెను. వేమనకుఁ దాను చెప్పని మాటలు బరువయ్యెను. ఇద్దఱికిని నన్యాయమే.

కుక్కబొమ్మ చిత్రమునకే యొక చరిత్ర కలదు. ఫ్రాన్సిస్ బరాడ్ అను చిత్రకారుఁడు మొదట నా కుక్క యెడిసన్ పద్ధతిని గొట్టపు రికార్డు పాడు యంత్రము ముందు వినుచున్నట్లు చిత్రించెను. 1899లో గ్రామఫోను కంపెనీవారు, తమ యంత్రమును జిత్రించినచోఁ గొందు మనిరి. అతఁడు పాత యంత్రముపై రంగు పూసి క్రొత్తదానిని వ్రాసి యిచ్చెను. పరికించి చూచినచోఁ గ్రింది యంత్రపు రేఖ లిప్పటికిని గనఁబడునని చూచినవారు చెప్పుదురు. ‘ఆ కంపెనీవారు చేసిన మార్పే వర్తకుఁడును జేయుచున్నాఁడు గదా’ యని యొకరు నన్నడిగిరి. రెంటికిని భేదము కలదు. బరాడ్ తన చిత్రమును దాను మార్చెను. ఆ మార్పును లోకమెఱుఁగును. వర్తకుఁడు పరుని పనిని బరునికిఁ గట్టఁబెట్టి, ఆ సంగతి యెవరికిని దెలియకుండఁ గోరుచున్నాఁడు. ఇత్తడి బాకాలు తగిలించి క్రొత్తగాఁ గూర్చిన యంత్రములను బాతవాని పేర నమ్ముట మన బజారులలో నుండనే యున్నది. నా జాబు వానికి మఱియొక తోడు.

ఇఁక నాక్షేపణలు. చేసినవాఁ డెన్నఁడో మరణించెను. అతనికి నష్టమేమి యని యొకటి. మృతుల ఋణము తీర్చుటకే మనము శ్రాద్ధములు పెట్టుచున్నాము. మృతులకు నష్టము లేదనువాఁడు తన తాత పేరును మార్చి చెప్పిన నూరకుండునా? కొన్నవాఁడు సంతోషించును, ఎవరికిఁ గీడని రెండవది. అతని సంతోషము అసత్యము బయలుపడు దినము వఱకే నిలుచును; అదియుఁ గాక, అతఁడు మూఁడురెట్లు చెల్లించినది నా సంతకమును నమ్మి.

మూఁడవ యాక్షేపణ సూక్ష్మమైనది. కర్మశాల యధిపతి పేరు మాత్ర మెంత నిజము? తోరెన్సు తన చేతులతో నా గవర్నరు గుండ్లను ద్రాసుపై సరిచూచెనా? చూచినది యొక పనివాఁడు. కాదేని యొక పనికత్తె. పేరు గల మోటారుపైనను వారి పేరు లేదు. అట్లగుటచే నే పేరైనను సగము బొంకే గదా, ఒక బొంకునకు మఱియొక బొంకు తక్కువా? ఈ ప్రశ్నను నేను బహుదినములు తలపోసితిని. నాకుఁ దోఁచిన దిది. కర్మశాల పేరు పనిచేసినవారి పేరు గాదు, అది పూఁచీ. మోటారు చెడినచో నెవరి నడుగవలెనో యది చెప్పును. అంతవఱ కది సత్యము. ఇఁక మాసిపోయిన పనివారి మాట. ‘తెలియదు’ అని మనము వ్రాసినచో వారి చోటు వారికై నిలిచియుండును. బంతిలో రావలసిన యతిథికై విస్తరి వేసి యుంచుట వంటి దది. అతఁడు రాకపోవచ్చును, కాని విస్తరి యతనిదే. అబద్ధపుఁ బేరు వ్రాయుట యా విస్తరియందుఁ దోవను బోవు మఱియొకనిఁ గూర్చుండఁబెట్టుట. అటు పిమ్మట నసలువాఁడు వచ్చినను నతనికిఁ జోటుండదు. నాఁడో యేఁడో యొక పాత పట్టిక దొరకి యా సంఖ్య యే కర్మశాలదో తేలవచ్చును. నా జాబు ముందే యొక పేరు చెప్పియున్న నెవరును వెదకరు.

నేను వ్రాయనని మా మేనత్తతోఁ జెప్పితిని. ఆమె కొంతతడవూరకుండి, “వద్దులే నాయనా, నీకు మనసొప్పని పని నేను చేయుమనను. కాని ఆ పిల్ల రుసుము మాట యేమి?” అని యడిగెను.

ఈ వ్యాసము నిచ్చట ముగించినచో నేను ధర్మాత్ముఁడనై మిగులుదును. కాని యామె ప్రశ్న న్యాయమైనది. పరుల ధనముతో సత్యవ్రతము సలుపుట మిక్కిలి సులభము. హరిశ్చంద్రుఁడు తన్నుఁ దా నమ్ముకొనెను గావుననే యాతని కథ నిలిచినది. కాని యాతఁడు భార్యను గూడ నమ్మెననుట మనము త్వరగా మఱచుదుము. నా సత్యమునకు వెల యిచ్చునది యెవరు? ఆ జాబు వ్రాయకుండుటచే నా కొక దమ్మిడియు నష్టము లేదు. నష్టపడునది యిల్లూడ్చు స్త్రీ కూఁతురు. సత్యము నాదైనప్పుడు దాని ఖర్చును నాదే కావలెను. తగ్గిన రెండువంతులు నే నిత్తునని చెప్పితిని. ఇది దానమని నే ననను. నా సంతకమునకు నేను చెల్లించిన ధర.

మఱియొక సంగతి చెప్పి ముగింతును. నేను పలకను దలక్రిందుగాఁ బట్టియుండఁగా మా మేనత్త వంగి చూచి, గవర్నరు బిళ్ల నొరయు ఎఱ్ఱని యున్నిముక్కను వ్రేలితోఁ జూపెను. “అది దొరలు పెట్టినది కాదు. అసలుది అరిగిపోతే మా అమ్మ తన పాత శాలువ అంచు కత్తిరించి పెట్టినది. ఏటేట సంక్రాంతికిఁ గుట్టుమిషను నూనె వేసేది. ముల్లు మార్చేది ఆమె, కీ యిచ్చేది ఆమె. పెట్టె మాత్రము నాన్నగారిదనేవాళ్లము” అనెను.

నేను సిగ్గుపడితిని. సెంట్‌క్రువాలోని పేరు తెలియని పనివానికై యింత తర్కించిన నేను, మా నాయనమ్మ పేరు నీ పెట్టెతోఁ జేర్చి యెన్నఁడును బలుకలేదు. ఆమె పేరు నాకుఁ దెలియనిది కాదు. మన యిండ్లలో నావకాయ ఫలానావారి యింటిది. ముగ్గు ఫలానావారి వాకిటిది. పిల్లల చదువు తండ్రి పెట్టిన భిక్ష. చేసిన చేయి యెదుటనే యుండఁగా యజమాని పేరు రేకుబిళ్లవలె తగిలించి తృప్తిపడుచున్నాము. ఈ విషయమున మనము వర్తకునికంటె నెంత మేలో యెవరికివారే చూచుకొనవలెను.

పెట్టెను దుదకు వర్తకుఁడు చెప్పిన మొదటి ధరకే యొక బడిపంతులు కొనెను. అతనికి నేను వ్రాసి యిచ్చిన కాగితములో నిట్లున్నది: మోటారు స్విట్జర్లాండులోఁ జేయఁబడినది, చట్టముపై నీ సంఖ్య కలదు, చేసిన కర్మశాల పేరు దానిపై లేదు, పెట్టెపై నమ్మిన దుకాణము పేరు కలదు, కొన్నవారు మా తాతగారు. చివరి పంక్తిలో, గవర్నరు నొరయు నున్నిముక్క యెవరు పెట్టినదియు, యంత్రమును నలువదేండ్లు నడపినది యెవరును దెలుపుచు, మా నాయనమ్మ పేరును, ఇంటిపేరుతోఁ బూర్తిగా వ్రాసితిని. పంతులుగారు దానిని మడిచి పెట్టె మూఁతలోపల నుంచుకొనిరి.